గర్భసంచి తీసేయాలా, గడ్డ వరకే తీయించుకోవాలా?

ఫైబ్రాయిడ్ (క్యాన్సర్ కాని గడ్డ) అనుకుని నెల్లూరు నుంచి చెన్నై వచ్చి ఆపరేషన్ చేయించుకున్నాక, బయాప్సీలో 'లో గ్రేడ్ ఎండోమెట్రియల్ స్ట్రోమల్ సార్కోమా', అంటే గర్భసంచిలో నెమ్మదిగా పెరిగే అరుదైన క్యాన్సర్, అని వస్తే, ఇంకా పిల్లలు లేని అమ్మాయి ముందు రెండు దారులుంటాయి.

గర్భసంచిని, చాలాసార్లు అండాశయాలతో సహా, తీసేయడం ప్రామాణిక చికిత్స. ఇక బిడ్డను మోయలేరు. అండాశయాలు కూడా పోతే చిన్న వయసులోనే మెనోపాజ్, పైగా ఇది ఈస్ట్రోజన్ అనే హార్మోన్‌తో పెరిగే రకం కాబట్టి మెనోపాజ్‌తో వచ్చే ఒంటి వేడికీ నిద్రలేమికీ ఈస్ట్రోజన్ మాత్రలు వాడే వీలుండదు.

గడ్డ వరకే తీస్తే గర్భసంచి మిగులుతుంది. తర్వాత మెజెస్ట్రాల్ లాంటి, జబ్బును అణచే హార్మోన్ మందులు, ఏళ్ల తరబడి ఎంఆర్ఐలు. ఇలా బిడ్డల్ని కన్నవాళ్లు ఉన్నారు. కానీ తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ, పదేళ్ల తర్వాత కూడా రావచ్చు, అందుకే కాన్పయ్యాక గర్భసంచి తీయించుకోమంటారు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను: జబ్బు గర్భసంచి దాటకపోతే, ఎన్నేళ్లైనా చెకప్‌లకు రాగలిగితేనే రెండో దారి. హై గ్రేడ్ (వేగంగా పెరిగే రకం) అయితే ఆ ఆలోచనే వద్దు. అత్తింటివాళ్ల తొందర కోసం అసలే వద్దమ్మా. ముందు బయాప్సీ ముక్కల స్లైడ్లు, బ్లాకులు అడిగి తీసుకుని చెన్నైలోని అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట మళ్లీ చూపించుకోండి.