టేట్ మోడర్న్: ఖాళీని కాపాడుకున్న గ్యాలరీ

ఆధునిక కళ తమకు అర్థం కాదని దూరంగా ఉండిపోయేవారికే లండన్‌లోని టేట్ మోడర్న్‌ను ముందుగా సిఫారసు చేస్తాను. థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున, 1981లో మూతపడిన బ్యాంక్‌సైడ్ విద్యుత్ కేంద్రాన్ని స్విట్జర్లాండ్ వాస్తుశిల్పులు హెర్జోగ్, డి మ్యూరాన్ గ్యాలరీగా మలచగా, అది 2000 మే నెలలో ప్రజలకు తెరుచుకుంది. ఒకప్పుడు టర్బైన్లు తిరిగిన హాలును గోడలు కట్టి గదులుగా విడగొట్టకుండా, దాదాపు 150 మీటర్ల పొడవునా, 35 మీటర్ల ఎత్తునా అలాగే వదిలేయడం ఈ సంస్థ తీసుకున్న నిర్ణయాలన్నింటిలోకీ గొప్పదని నా అభిప్రాయం.

అంతటి ఖాళీ ఎదురుగా ఉన్నప్పుడు కళాకారుడు చిన్న ఆలోచనతో సరిపెట్టుకోలేడు. 2003లో ఓలాఫర్ ఎలియాసన్ అర్ధచంద్రాకారంలో పసుపు దీపాలను అమర్చి పైకప్పంతా అద్దాలు పరిచినప్పుడు, ఆ సగమూ దాని ప్రతిబింబమూ కలిసి నిండు సూర్యబింబంగా కనిపించాయి. జనం నేల మీద వెల్లకిలా పడుకుని పైన అద్దంలో తమను తాము వెతుక్కున్నారు. నాలుగేళ్ల తరువాత కొలంబియా శిల్పి డోరిస్ సాల్సెడో అదే నేలను 167 మీటర్ల పొడవున చీల్చి, వలసవచ్చినవారిని వేరుచేసే వివక్షను ఆ పగులుతో చెప్పింది. తరువాత దానిని పూడ్చివేసినా మచ్చ నేటికీ మిగిలే ఉంది, దాన్ని తప్పక వెతికి చూడాలి. 2010లో ఐ వైవై పరిచిన పది కోట్ల పింగాణీ పొద్దుతిరుగుడు గింజల విషయంలో మాత్రం పరిస్థితి వేరు. మొదట వాటి మీద నడవనిచ్చినా, లేచే ధూళి ఆరోగ్యానికి హానికరమని తేలడంతో కొద్ది రోజులకే ఆపేశారు. ఆ నిర్ణయం న్యాయమైనదే అయినా, కాలి కింద నలగవలసిన గింజలను దూరం నుంచి చూడవలసి రావడంతో ఆ కృతి బలం సగానికి తగ్గిందనే అనుకుంటాను.

పెద్ద హాలుకు పూర్తిగా వ్యతిరేకమైన అనుభవం మార్క్ రోత్కో చిత్రాలది. న్యూయార్క్‌లోని ఒక ఖరీదైన రెస్టారెంటు కోసం 1958లో మొదలుపెట్టి, ఆ చోటు తన బొమ్మలకు తగదని ఒప్పందం నుంచి తప్పుకున్న ఆయన, వాటిలో తొమ్మిదింటిని ఈ గ్యాలరీని నడిపే టేట్ సంస్థకు ఇచ్చాడు. మసక వెలుతురులో చూపించే ఆ ముదురు ఎరుపు, నలుపు కాన్వాసుల అంచులు, కన్ను చీకటికి అలవాటుపడిన తరువాత గానీ కదలడం మొదలుపెట్టవు. కాబట్టి హడావిడిగా వెళ్ళేవారికి అక్కడ దక్కేదేమీ ఉండదు. ఇవి టేట్ వారి ఇతర గ్యాలరీలకూ వెళుతుంటాయి గనుక, ముందుగా వెబ్‌సైటులో చూసుకోవడం మంచిది.

శాశ్వత సేకరణను కాలక్రమంలో కాక విషయాల వారీగా అమర్చే పద్ధతి పట్ల నాకు పూర్తి అంగీకారం లేదు. వేర్వేరు దేశాల, దశాబ్దాల కృతులు పక్కపక్కన చేరినప్పుడు కొన్నిచోట్ల ఊహించని చుట్టరికాలు బయటపడతాయన్నది నిజమే. అయితే వస్తువులను ముక్కలుగా విడగొట్టి ఒకేసారి పలు కోణాల నుంచి చూపే క్యూబిజం అనే చిత్రకళా ధోరణి ఎవరికి ఎదురుతిరిగి పుట్టిందో తెలియని కొత్తవారికి, గోడ మీది నాలుగు వాక్యాల వివరణ దారి చూపదు. ఒకే కళాకారుడికి కేటాయించే ప్రదర్శనలలో ఈ చిక్కు ఉండదు. అకౌంటెంటుగా పనిచేస్తూ బరోడాలో బొమ్మలు వేసిన భూపేన్ ఖఖర్ కృతులతో 2016లో జరిపిన ప్రదర్శన అటువంటిదే. పాశ్చాత్య కళకు ఉపశాఖగా కాక, తన ఊరి మనుషులను, తన స్వలింగ ప్రేమను తన రంగులతో చెప్పుకున్న చిత్రకారుడిగా ఆయనను నిలబెట్టడానికి ఒక కళాకారుడి జీవితమంతా వరుసగా కనిపించే అటువంటి ఏర్పాటే అవసరం.

శాశ్వత సేకరణను ఉచితంగా చూడవచ్చు, ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రం టికెట్టు కొనాలి. మొదటిసారి వెళ్ళేవారు పడమటి వైపు ఏటవాలు దారిలో నేరుగా టర్బైన్ హాలులోకి దిగి, ఆ తరువాత ఏదో ఒక అంతస్తును మాత్రమే ఎంచుకుని నిదానంగా చూడాలని నా సలహా.