ప్రశ్నావళా, షెడ్యూలా? ఫీల్డ్‌వర్క్‌కి ఏది మేలు?

డిసర్టేషన్ టాపిక్ ఖరారు కాగానే జూనియర్లు నన్ను అడిగేది ఒకటే. "అక్కా, ప్రశ్నావళి పెట్టుకోమంటావా, షెడ్యూల్ పెట్టుకోమంటావా?" ఈ నెలలోనే ముగ్గురు అడిగారు. రెండింట్లోనూ ప్రశ్నలు దాదాపు అవే. ఒకటి జవాబిచ్చేవాళ్లే నింపుతారు, రెండోది మనం ఎదురుగా కూర్చుని అడిగి నింపుతాం. తేడా అంతే కదా అని ఊళ్లోకి వెళ్లేదాకా నేనూ అనుకున్నాను.

ఖర్చు, టైమ్ చూస్తే ప్రశ్నావళిదే పైచేయి. గూగుల్ ఫామ్ లింకు నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో పెడితే వారం తిరిగేసరికి రెండొందల జవాబులు రావచ్చు. డేటా ఎక్కించే పని కూడా ఉండదు. షెడ్యూల్ అయితే ఒక్కొక్కరితో ముప్పావుగంట పడుతుంది. రోజంతా తిరిగినా నాకు ఐదారుకి మించి అయ్యేవి కావు. బస్సు ఛార్జీలు, ఎండ, తాళాలేసిన ఇళ్లు వేరే.

అయితే ఆ రెండొందల మంది ఎవరో కూడా చూడాలి. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి పోస్టులో నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడంది. తీరా చూస్తే అతని ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నాడు. పేర్లు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి తీసుకున్నారు, పైగా పట్టుబట్టి తిరిగి పంపినవాళ్ల లెక్కే అందులోకి చేరింది. మన ఫామ్ నింపేది కూడా స్మార్ట్‌ఫోన్, చదువు, తీరిక మూడూ ఉన్నవాళ్లే.

శాంపుల్ జాగ్రత్తగా ఎంచుకుంటే ఈ లోపం కొంత సర్దుకోవచ్చు. నా మటుకు నాకు తేల్చేది ఇంకొకటి: మనం అడిగిన ప్రశ్న అవతలి మనిషికి ఏమని వినబడిందో మనకు తెలుస్తుందా, లేదా?

పల్నాడులో ఒక ఊళ్లో అరుగు మీద కూర్చుని ఒకావిడని అడిగాను. "ఏం పని చేస్తారు పిన్నీ?"

"నేనేం చేస్తానమ్మా, ఇంట్లోనే ఉంటా."

'గృహిణి' దగ్గర టిక్కు పెట్టి తర్వాతి ప్రశ్నకి వెళ్లాను. పది నిమిషాలకి ఆవిడ లేచింది. "ఉండమ్మా, పాలకేంద్రానికి టైమవుతోంది, గేదెని పిండొస్తా." రెండు గేదెలు. గడ్డి కోయడం, పేడ తీయడం, రెండు పూటలా పాలు పోయడం అన్నీ ఆవిడే. పాల డబ్బులు పడే పాస్‌బుక్ మాత్రం భర్త పేరు మీద ఉంది. మిరప కోతల్లో కూలికి కూడా వెళ్తుందట. 'పని' అనే మాటకి ఆవిడ లెక్కలో అర్థం నెలజీతం వచ్చే ఉద్యోగం. అదే కాగితం ఆవిడ చేతికిచ్చి వచ్చేసి ఉంటే నా పట్టికలో ఆవిడ ఎప్పటికీ ఏ పనీ చేయని మనిషే. ఆ టిక్కు కొట్టేస్తుంటే నాకు సిగ్గేసింది, భయం కూడా వేసింది. అంతకుముందు నింపిన షెడ్యూళ్లలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో!

జాతీయ శాంపుల్ సర్వేవాళ్లకి ఈ చిక్కు బాగా తెలుసు. వాళ్ల ఉపాధి షెడ్యూల్లో ఇంటిపనికే 92 అని ఒక కోడ్ ఉంది. ఇంటిపనితో పాటు కట్టెలు, పశుగ్రాసం తెచ్చుకోవడం, కుట్టుపని లాంటివి చేసేవాళ్లకి 93. ఈ రెండు కోడ్‌లలో ఎవరు పడినా ఇంకా ఏమేం చేస్తారని తరచి అడిగే ప్రశ్నలు కూడా కొన్ని రౌండ్లలో పెట్టారు. అలా తరచి అడగాలంటే మనిషి ఎదురుగా ఉండాలి.

ఎదురుగా ఉండటం వల్ల నష్టం కూడా ఉంది. పక్కన అత్తగారు కూర్చుంటే కోడలి జవాబు మారిపోతుంది. తాగుడు, అప్పులు, ఇంట్లో కొట్లాటల గురించి ముఖం చూసి చెప్పడం కష్టం. అలాంటి చోట పేరు రాయక్కర్లేని ప్రశ్నావళే నయం. లెక్చరర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగుల మీద పరిశోధన అయితే నిరభ్యంతరంగా ప్రశ్నావళే పెట్టుకోండి, వాళ్ల టైమ్ కూడా మిగులుతుంది.

ఫోన్ ఇంటర్వ్యూ అంటారా, రెండోసారి సందేహం తీర్చుకోవడానికి పనికొస్తుంది. గ్రూప్ డిస్కషన్లో ఇద్దరే మాట్లాడతారు, ప్రశ్నలు తయారుచేసుకునే ముందు ఒకటి పెట్టుకుంటే చాలు.

ఇప్పుడు చేస్తున్న పనికి నేను షెడ్యూలే పెట్టుకున్నాను. 150 అనుకున్న శాంపుల్‌ని గైడ్‌తో మాట్లాడి 90కి తగ్గించాను. మొదటి పేజీలో 'ఏం పని చేస్తారు?' అన్నది కొట్టేసి, 'నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏమేం చేశారు?' అని రాసుకున్నాను. దానికింద ఎనిమిది ఖాళీ గీతలు వదిలాను. పైలట్‌లో, అంటే అసలు సర్వేకి ముందు చేసే ట్రయల్‌లో, మొదటి ఇంట్లోనే అవి చాలలేదు, వెనక పేజీ తిప్పాల్సి వచ్చింది.