లక్షన్నర మైళ్లు దాటిన పోర్షే 944: కొనవచ్చా?

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లలో కార్ల మీద మక్కువ ఉన్నవారికి కొదవ లేదు గాని, ఆ మక్కువ చాలామందిలో కొత్త టెస్లా దగ్గరో, ఇంటిల్లిపాదీ పట్టే పెద్ద ఎస్‌యూవీ దగ్గరో ఆగిపోతుంది. పాత స్పోర్ట్స్ కారు ఒకటి ఉంటే బాగుండునని మొదలుపెట్టే కొద్దిమందికి త్వరగానే కంటపడేది పోర్షే 944. అదే కంపెనీ తయారుచేసిన 911 ధరలు మామూలు ఉద్యోగస్థుల అందుబాటును ఎప్పుడో దాటిపోగా, 944 ఇంకా చేతికందే దూరంలోనే ఉంది. అయితే అమ్మకానికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం లక్ష మైళ్లు దాటినవే. 1987 నాటి, టర్బో లేని, లక్షన్నర మైళ్లు దాటిన ఒక 944ను కొని డాలస్ పరిసరాల్లో నడుపుతున్నవాడిగా ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఈ కారు కొనదగినదే, కాని కొనేటప్పుడు చూడవలసింది మైలేజీ (ఇంతవరకు తిరిగిన మైళ్ల అంకె) కంటే పాత యజమాని దాచిపెట్టిన బిల్లుల కట్టను.

కారు పుట్టుపూర్వోత్తరాలు కొంత తెలిస్తే దాని గుణదోషాలు సులభంగా అర్థమవుతాయి. 944కు ముందు వచ్చిన 924ను పోర్షే నిజానికి ఫోక్స్‌వాగన్ కోసం రూపొందించింది. ఫోక్స్‌వాగన్ వెనక్కి తగ్గడంతో దానిని తన పేరు మీదే అమ్ముకుంది. ఆడి నుంచి తెచ్చుకున్న ఇంజను వల్ల ‘ఇది అసలు పోర్షేయేనా’ అన్న మాట 924ను చివరిదాకా వదలలేదు. 1982లో వచ్చిన 944కు మాత్రం 928 అనే మరో పోర్షేలోని వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజనులో ఒక సగాన్ని ఆధారం చేసుకుని, పోర్షే తానే 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను తయారుచేసింది. అంత పెద్ద నాలుగు సిలిండర్ల ఇంజను సహజంగానే అదురుతుంది కనుక, ఆ అదురును అణచే బ్యాలెన్స్ షాఫ్టుల విధానాన్ని మిత్సుబిషి నుంచి లైసెన్సు మీద తీసుకుంది. ఇంజను ముందు, గేరుబాక్సు వెనుక చక్రాల మధ్య, రెంటినీ కలుపుతూ టార్క్ ట్యూబ్ అనే పొడవాటి గొట్టం. కారు బరువు ముందు వెనుకలకు దాదాపు సమానంగా పంపకం కావడానికి ఈ అమరికే కారణం. కొన్నవాడి జేబు ఖాళీ కావడానికీ ఇదే కారణమన్న సంగతి క్లచ్ దగ్గరకు వచ్చినప్పుడు చెబుతాను.

నడపడంలో దీనికి నేను నిస్సంకోచంగా మంచి మార్కులు వేస్తాను. అమెరికాకు వచ్చిన ఆనాటి మామూలు 944ల శక్తి 150 హార్స్‌పవర్‌కు అటూ ఇటూ మాత్రమే. నేటి కుటుంబ కార్లు సిగ్నలు దగ్గర దీన్ని అవలీలగా వెనక్కి నెట్టేస్తాయి. కాని మలుపు తిరిగేటప్పుడు స్టీరింగ్ ద్వారా రోడ్డు చేతికి తెలిసే తీరు, తొందరపడకుండా గుండ్రంగా వంపు తీసుకుని బయటపడేటప్పుడు కారు చూపే నిబ్బరం కొత్త కార్లలో నాకు దొరకలేదు. లక్షన్నర మైళ్ల తరువాత కూడా ఈ గుణం చెడలేదంటే, షాక్ అబ్సార్బర్లు, బుషింగులు (చక్రాల అమరికలోని రబ్బరు కీళ్లు) మార్చి ఉంటే చాలు, మిగిలిన నిర్మాణం అంత గట్టిదని అర్థం. వెనుక గాజు తలుపు ఎత్తితే రెండు మూడు పెద్ద సూట్‌కేసులు పడతాయి. వెనుక సీట్లు ఉన్నాయంటే ఉన్నాయి. అవి చిన్నపిల్లలకే, అదీ దగ్గరి దూరాలకే. స్టీరింగ్ చక్రం కిందకు ఉంటుంది కనుక పొడగరులు కొనేముందు ఒకసారి కూర్చుని మోకాళ్లు ఆడుతున్నాయో లేదో చూసుకోవాలి.

ఇక మైలేజీ సంగతి. ఈ కార్లలో తిరిగిన మైళ్లను లెక్కపెట్టే ఓడోమీటరు లోపల ఒక చిన్న ప్లాస్టిక్ పళ్లచక్రం ఉంటుంది. వయసు మీద పడి పెళుసుబారిన ఆ చక్రం, కారు కదులుతుండగా ట్రిప్ మీటరు బటను నొక్కినా సరే, విరిగిపోతుంది. స్పీడు ముల్లు మామూలుగానే పనిచేస్తుంది గాని మైళ్ల అంకె అక్కడే నిలిచిపోతుంది. అలా నిలిచిన కారును యజమానులు ఏళ్ల తరబడి నడిపి, మరొకరికి అమ్మిన సందర్భాలు చాలా ఉన్నాయి. నేను చూసి వదిలేసిన ఒక ఎర్ర కారు బిల్లులలో, ఆయిలు మార్పించిన రసీదు మీదా, దానికి నాలుగేళ్ల తరువాతి బ్రేకుల రసీదు మీదా చివరి అంకెతో సహా ఒకే మైలేజీ ఉంది. ప్రకటనలో మాత్రం ‘తక్కువ తిరిగిన కారు’ అని రాశారు. అందువల్ల 80,000 మైళ్లని చెప్పే కారు కంటే, 1,60,000 మైళ్లని చెబుతూ బిల్లుల మీద అంకె క్రమంగా పెరుగుతూ వచ్చిన కారునే నేను ఎక్కువ నమ్ముతాను. పరీక్షగా నడిపేటప్పుడు నాలుగైదు మైళ్లు పోయి ఆ అంకె కదులుతోందో లేదో చూడటం ప్రతి కొనుగోలుదారు తప్పక చేయవలసిన పని.

బిల్లులలో అన్నిటికంటే ముందు వెతకవలసింది బెల్టుల మార్పిడి గురించి. ఇంజను ముందుభాగంలో వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే టైమింగ్ బెల్టు ఒకటి, బ్యాలెన్స్ షాఫ్టుల బెల్టు ఇంకొకటి ఉంటాయి. టైమింగ్ బెల్టు తెగినా, పళ్లు జారినా పిస్టన్లు వచ్చి వాల్వులను కొడతాయి. వాల్వులు వంగిన తరువాత సిలిండర్ హెడ్ దింపక తప్పదు, అప్పుడు మరమ్మతు ఖర్చు కారు విలువకు పోటీ పడుతుంది. అనుభవజ్ఞులైన యజమానులు ఈ బెల్టులను 30,000 మైళ్లకు గాని, నాలుగైదేళ్లకు గాని, ఏది ముందు వస్తే అప్పుడు మారుస్తారు. ఈ నియమంలోని రెండో భాగాన్ని చాలామంది పట్టించుకోరు. రబ్బరు కాలంతో కూడా పాడవుతుంది గనుక, పదేళ్లుగా గ్యారేజీలో కప్పుకుని పడుకున్న తక్కువ మైలేజీ కారు నిత్యం తిరిగే కారు కంటే ప్రమాదకరం. కొత్త బెల్టు కొంత సాగుతుంది కనుక, వేసిన తరువాత రెండు వేల మైళ్లలోపు మళ్లీ బిగువు చూడాలి. ఆ బిగువు కొలవడానికి ప్రత్యేకమైన సాధనం ఉంది. 1987 ప్రాంతంలో వచ్చిన, బెల్టును బిగువుగా ఉంచే స్ప్రింగు టెన్షనరు ఈ పనిని కొంత తేలిక చేసింది. నీళ్ల పంపు కూడా ఇదే టైమింగ్ బెల్టుతో తిరుగుతుంది కాబట్టి బెల్టు మార్చి పంపును అలాగే వదిలేయడం ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటమే. బిల్లులో బెల్టులు, రోలర్లు, పంపు, ముందువైపు ఆయిల్ సీళ్లు అన్నీ ఒకే తేదీన కనిపిస్తే ఆ యజమానికి కారంటే ఏమిటో తెలుసునని అనుకోవచ్చు. బిల్లు లేకుండా ‘మార్చేశామండీ’ అన్న నోటిమాట మాత్రమే ఉంటే, మార్చలేదనే లెక్క వేసుకుని ఆ ఖర్చును ధరలో తగ్గించమనాలి.

క్లచ్ విషయానికొస్తే, మొదట వచ్చిన క్లచ్ పళ్లేనికి మధ్యలో రబ్బరు ఉండేది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రబ్బరు ముక్కలై ఊడిపోతుంది, అప్పుడు గేరు వేసి కదిలించగానే దడేలుమన్న కుదుపు తెలుస్తుంది. క్లచ్ పళ్లెం ధర భరించరానిదేమీ కాదు. దానిని చేరుకోవడానికే సైలెన్సరు గొట్టాలు విప్పి, వెనుక గేరుబాక్సును సడలించి, టార్క్ ట్యూబును వెనక్కి జరపాలి. అందుకే ఈ పనికి విడిభాగాల కంటే కూలి ఎక్కువవుతుంది. రబ్బరుకు బదులు స్ప్రింగులున్న క్లచ్ వేయించిన రసీదు ఉన్న కారుకు కొంత ఎక్కువిచ్చినా నష్టం లేదు.

ఇంజనుకు పక్కన ఉండే ఆయిల్ కూలరు సీళ్లు పోతే ఆయిలు, కూలెంటు (ఇంజనును చల్లబరిచే ద్రవం) కలిసిపోతాయి. కూలెంటు తొట్టి మూత తీసి, లోపల గోధుమ రంగు జిడ్డు పేరుకుని ఉందేమో చూస్తే తెలిసిపోతుంది. ఇది ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. అమ్మేవారు మనం వెళ్లేసరికి ఇంజను వేడెక్కించి ఉంచితే మరో రోజు వస్తామని చెప్పి రావడం మేలు. ఇంజనును మోసే మౌంట్లు కుంగిపోతే నిలబడి ఉన్నప్పుడు డ్యాష్‌బోర్డు అంతా వణుకుతుంది, అది బేరానికి పనికొచ్చే లోపమే గాని వెనుదిరిగే లోపం కాదు. ఇంజను కంప్యూటరుకు, పెట్రోలు పంపుకు కరెంటు అందించే డీఎంఈ రిలే అనే చిన్న పెట్టె పాడైతే కారు అసలు స్టార్టే కాదు. చవకైన వస్తువు కనుక తెలిసిన యజమానులు అదనంగా ఒకటి గ్లవ్ బాక్సులో పెట్టుకు తిరుగుతారు. రేసు ట్రాకు మీద తిప్పిన కారైతే రెండో సిలిండరు కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను కింది ఇరుసుకు కలిపే కడ్డీ) బేరింగు అరిగిందేమో అడగాలి.

బాడీకి జింకు పూత ఉండటం వల్ల ఈ వయసు కార్లలో 944కు తుప్పు తక్కువ. టెక్సస్‌లో పెరిగిన కారుకైతే ఈ చింత దాదాపు లేదు. మంచు మీద ఉప్పు చల్లే ఉత్తరాది రాష్ట్రాల నుంచి వచ్చినదైతే బ్యాటరీ అర అడుగునూ, తలుపుల కింది సిల్సునూ వేలితో నొక్కి చూడాలి. మన ఎండలకు పగలని డ్యాష్‌బోర్డు మాత్రం నాకు ఇంతవరకు కనబడలేదు. ఏసీ గురించి ప్రత్యేకంగా అడగాలి: ఆనాటి కార్లు ఆర్-12 వాయువుతో పనిచేసేవి, దాని తయారీ అమెరికాలో 1995 చివరితో ఆగిపోయింది కాబట్టి దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఏకు మార్చారో లేదో తెలుసుకోవాలి. మార్చినా జూలైలో డాలస్ మధ్యాహ్నానికి అది సరితూగదు.

నివసించే రాష్ట్రాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. టెక్సస్‌లో ఇంత పాత కార్లకు పొగ పరీక్ష లేదు. కాలిఫోర్నియాలో 1976, ఆ తరువాతి పాత కార్లు స్మాగ్ పరీక్ష దాటవలసిందే కనుక, బే ఏరియాలో ఉన్నవారు ఆ ధ్రువపత్రం లేని కారుకు బయానా ఇవ్వకూడదు. స్వదేశానికి పట్టుకుపోదామనే ఆలోచన ఉంటే మానుకోవడమే మంచిది. మన దేశపు దిగుమతి నిబంధనలు మూడేళ్లు దాటిన వాడిన కార్లను సాధారణంగా అనుమతించవు, ఎడమవైపు స్టీరింగ్ అదనపు అడ్డంకి.

కొనేముందు పాత పోర్షేలు చూసే స్వతంత్ర మెకానిక్ చేత లిఫ్టు మీద పెట్టించి, సిలిండర్ల లీక్‌డౌన్ పరీక్ష (లోపలి గాలి ఎక్కడైనా కారుతోందేమో చూడటం) చేయించడానికయ్యే ఖర్చు ఈ వ్యవహారం మొత్తంలో అత్యంత సార్థకమైనది. ఇందుకు ఒప్పుకోని విక్రేతతో మాటలు పొడిగించనక్కర్లేదు. కొన్న ధరలో కనీసం సగం మొత్తాన్ని మొదటి ఏడాది మరమ్మతులకు విడిగా ఉంచుకోగలిగినవారికి, వారాంతంలో పానా పట్టడానికి విముఖత లేనివారికి నేను దీనిని సిఫారసు చేస్తాను. రోజూ ఆఫీసుకు ఇదొక్కటే కారుగా ఉండాలనుకునేవారికి చేయను. టర్బో మోహం ఉన్నవారు మరింత వేగంతో పాటు మరింత వేడినీ, మరింత ఖర్చునూ కొంటున్నట్లే. 1989 నుంచి వచ్చిన మూడు లీటర్ల 944 ఎస్2 మామూలు 944కూ టర్బోకూ నడుమ, ధర కుదిరితే, నా దృష్టిలో మెరుగైన ఎంపిక.