నియాన్ డైనస్టీ ఛానెల్ ల్యాండ్లు: ఇన్నేళ్లు ఆడాక నా లెక్క

మ్యాజిక్: ది గ్యాదరింగ్ కార్డుల ఆటలో మీ డెక్‌లో ఆకుపచ్చ కార్డులు ఉంటే ముందు బోసేజు అనే ల్యాండ్ (మనా, అంటే కార్డులు వేయడానికి కట్టే శక్తి, ఇచ్చే కార్డు) ఒక కాపీ పెట్టేయండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. 2022 ఫిబ్రవరిలో కమిగావా: నియాన్ డైనస్టీ అనే కార్డుల సెట్ వచ్చినప్పటి నుంచి అందులోని ఐదు లెజెండరీ ల్యాండ్లతో మ్యాజిక్ ఆడుతున్నా. రంగుకొకటి, వీటికి ఛానెల్ అనే శక్తి ఉంది: మనా కట్టి చేతిలోంచి పారేస్తే ఒక పని చేసి పెడతాయి. ఎక్కువగా ఆన్‌లైన్‌లో అరీనాలో ఆడతా, స్నేహితులు కలిసినప్పుడు మోడరన్, కమాండర్ ఫార్మాట్లు. 2024లో బ్లూమ్‌బరో అనే సెట్ రాగానే ఆ సెట్ స్టాండర్డ్ (ఇటీవలి సెట్లే చెల్లే ఫార్మాట్) నుంచి వెళ్లిపోయింది కానీ, మిగతా ఫార్మాట్లలో నా డెక్కుల్లోంచి ఈ ల్యాండ్లు కదల్లేదు, ఐదింట్లో ఎరుపుదైన సోకెన్‌జాన్ తప్ప.

ల్యాండ్ కార్డు చూసినప్పుడు అది ఏం చేస్తుందనేది నేను రెండో ప్రశ్నగానే అడుగుతా. మొదటిది, దీనికోసం ఒక మామూలు (బేసిక్) ల్యాండ్, ఫారెస్టో ఐలాండో తీసేస్తే నాకు పోయేదేంటి? ట్యాప్ అయి (ఆ టర్న్‌లో వాడలేకుండా పక్కకి తిప్పి) వస్తే ఒక టర్న్ వెనకబడతాం. రంగులేని మనా ఇస్తే, రెండో టర్న్‌లో రెండు ఆకుపచ్చ మనా అడిగే కార్డు చేతిలోనే ఉండిపోతుంది. ఈ ఐదూ అన్‌ట్యాప్డ్‌గా వస్తాయి, తమ రంగు మనా ఇస్తాయి. పోయేది చాలా కొంచెం: బోసేజు పేరుకి మహావృక్షమే అయినా కార్డు మీద ఫారెస్ట్ టైప్ లేదు కాబట్టి మన దగ్గర ఫారెస్టో మౌంటెనో ఉందా అని చూసే రూట్‌బౌండ్ క్రాగ్ లాంటి ల్యాండ్లు దాన్ని లెక్కలోకి తీసుకోవు. లెజెండరీ కాబట్టి (అదే పేరుది మన దగ్గర ఒకటే ఉండాలి) రెండోది దించితే ఒకటి గ్రేవ్‌యార్డ్‌కి, అంటే వాడేసిన కార్డుల కుప్పకి, పోతుంది. అందుకే నాలుగు కాపీలు ఎవరికీ అక్కర్లేదు, ఒకటి దాదాపు ఉచితం, రెండోది ఆలోచించి పెట్టాలి.

ఇక బోసేజు. రెండు మనా కట్టి దాన్ని చేతిలోంచి పారేస్తే ఎదుటివాళ్ల ఆర్టిఫాక్ట్, ఎన్‌చాంట్‌మెంట్ లేదా బేసిక్ కాని ల్యాండ్ పోతుంది, బదులుగా వాళ్లు బేసిక్ టైప్ ఉన్న ల్యాండ్ ఒకటి డెక్‌లోంచి తెచ్చుకోవచ్చు. మొదటిసారి చదివినప్పుడు ఇదేం లాభం, వాళ్లకే ల్యాండ్ ఇస్తున్నాం కదా అనుకున్నా, అది నా పొరపాటు అంచనా. ట్రాన్ (మూడు ఉర్జా ల్యాండ్లు కలిపి ఏడు మనా తీసే డెక్) ఆడేవాళ్ల ఉర్జా ల్యాండ్లు మూడు కలవకముందే ఒకటి తీసేస్తే వాళ్లకి ఒక ఫారెస్ట్ దొరుకుతుందేమో గానీ ఏడు మనా దొరకదు. ఉర్జాస్ సాగా అనే ల్యాండ్ అయినా అంతే. ఎదుటివాళ్లు బేసిక్ కాని ల్యాండ్లని మౌంటెన్లుగా మార్చే బ్లడ్ మూన్ దించినా చేతిలో ఉన్న బోసేజు మీద దాని ప్రభావం ఉండదు, నా దగ్గర ఒక బేసిక్ ఫారెస్ట్ ఉంటే చాలు. ఛానెల్ స్పెల్ కాదు కాబట్టి స్పెల్స్‌ని ఆపే కౌంటర్‌స్పెల్ దాన్ని ఆపలేదు, క్రీచర్ (పోరాడే జీవి కార్డు) కాని స్పెల్స్ ధర పెంచే థాలియా ఉన్నా ఒక మనా ఎక్కువ కట్టక్కర్లేదు. గ్రేవ్‌యార్డ్ నుంచి ల్యాండ్ తెచ్చే రెన్ అండ్ సిక్స్ ఉంటే మళ్లీ చేతికి తెచ్చుకుని ఇంకోసారి. జాగ్రత్త మాత్రం ఒకటి, వాళ్లు తెచ్చుకునేది షాక్ ల్యాండ్ (రెండు బేసిక్ టైపులున్న ల్యాండ్) కూడా కావచ్చు, రెండు ప్రాణం కట్టి అదే టర్న్‌లో వాడేస్తారు.

నీలం రంగు ఒటవారా నాకు రెండోది, అది క్రీచర్ లాంటి కార్డుని యజమాని చేతికి తిప్పి పంపుతుంది. నాలుగు మనా అంటే ఖరీదే, కానీ మీ దగ్గరున్న ఒక్కో లెజెండరీ క్రీచర్‌కి ఒక్కో మనా తగ్గుతుంది, 2023లో స్టాండర్డ్‌లో రఫీన్ అనే లెజెండరీ క్రీచర్ ఉన్న ఎస్పర్ లెజెండ్స్ డెక్ ఆడినన్నాళ్లూ నేను ఒటవారాకి మూడు కంటే ఎక్కువ కట్టింది అరుదు. టోకెన్‌ని (వేరే కార్డులు పుట్టించే, సొంత కార్డు లేని జీవిని) చేతికి పంపితే అది మాయమైపోతుంది, మన క్రీచర్ చావబోతుంటే దాన్నీ వెనక్కి లాక్కోవచ్చు. గ్రేవ్‌యార్డ్ నుంచి క్రీచర్‌నో ప్లేన్స్‌వాకర్‌నో (మనకి తోడుగా నిలిచే పాత్ర కార్డు) చేతికి తెచ్చే నలుపు టకెనుమాలో చాలామంది గమనించని సంగతి, అది టార్గెట్ అడగదు, అంటే ఏ కార్డు కావాలో ముందే చెప్పక్కర్లేదు: ముందు మన డెక్ పైనుంచి మూడు కార్డులు గ్రేవ్‌యార్డ్‌కి పోతాయి, ఆ మూడింట్లో మంచి క్రీచరో ప్లేన్స్‌వాకరో పడితే దాన్నే తీసుకోవచ్చు. తెలుపు ఎయ్‌గాంజో ఇచ్చే నాలుగు డ్యామేజ్ దాడి చేసే లేదా అడ్డుకునే క్రీచర్ మీదే పనిచేస్తుంది, షియోల్‌డ్రెడ్ అనే క్రీచర్‌కి ఐదు టఫ్‌నెస్ (చంపడానికి కావాల్సిన డ్యామేజ్) కాబట్టి ఒంటరిగా చంపలేదు, నాది ఏదైనా అడ్డం పెట్టి మిగిలిన ఒక్క పాయింట్ పూర్తి చేయాల్సి వచ్చేది. సోకెన్‌జాన్ నాలుగు మనాకి రెండు 1/1 (ఒక పవర్, ఒక టఫ్‌నెస్) స్పిరిట్ టోకెన్లు ఇస్తుంది. ఎరుపు డెక్‌లో ఒకటి పెట్టినా నష్టం లేదు, కానీ బేసిక్ మౌంటెన్లు ఎక్కువ కావాల్సిన డెక్‌లోంచి నేను తీసేశా.

ఐదింటి సందడిలో అదే సెట్‌లోని సెక్లూడెడ్ కోర్ట్‌యార్డ్ అనే ల్యాండ్‌ని వదిలేయకండి, అది కేవలం అన్‌కామన్ (అంత అరుదు కాని కార్డు). హ్యూమన్స్ డెక్‌లో నాలుగూ పెడతా, ఎంచుకున్న తెగ క్రీచర్లకి ఏ రంగైనా ఇస్తుంది. కలెక్టెడ్ కంపెనీ అనే స్పెల్ కూడా ఆడేవాళ్లయితే మాత్రం లెక్క మార్చుకోవాలి, అది క్రీచర్ కాదు కాబట్టి దానికి కావాల్సిన ఆ ఒక్క ఆకుపచ్చ మనా కోర్ట్‌యార్డ్ ఇవ్వదు. అక్కడ వేరే ఆకుపచ్చ ల్యాండ్లు ఎన్నున్నాయో చూసుకుని కోర్ట్‌యార్డ్‌లు మూడుకి తగ్గించా.