సబ్బు నురుగు, సినిమా సెట్ల చెక్క, ఒక మీటరు గొడవ

అట్లాంటాలో మేం దిగిన హోటల్ గదిలో కిటికీ తెరుచుకోదు. గోడకి ఏసీ మీట ఉంది గానీ, 68 డిగ్రీల ఫారెన్‌హీట్ పెట్టినా 75 పెట్టినా దాని దారి దానిదే. రాత్రంతా దుప్పటి ముసుగెట్టి పడుకుని, పొద్దున్నే బావా నేనూ ముక్కులు చీదుకుంటూ బయల్దేరాం. వెళ్లేదేమో కరెంటు పొదుపుకి పేరు మోసిన భవనానికి! గది శుభ్రంగానే ఉంది, పనివాళ్లు మర్యాదస్తులు, ఎయిర్‌పోర్టు నుంచి మార్టా అనే సిటీ రైలు నేరుగా మిడ్‌టౌన్‌లో దింపుతుంది, అక్కణ్నుంచి జార్జియా టెక్ యూనివర్సిటీ క్యాంపస్‌కి నడిచిపోవచ్చు. అందుకని మరీ తక్కువ మార్కులు వేయలేను. నిద్ర మాత్రం లేదు.

జార్జియా టెక్‌లోని కెండెడా భవనాన్ని 2019లో తెరిచారు. ముందు పెద్ద వసారా, దాని మీద గొడుగు పట్టినట్టు 900 పైచిలుకు సోలార్ పలకలు. సెప్టెంబరు చివరైనా బయట ఉక్కపోతే. లోపల అడుగుపెడితే చలి కొట్టలేదు, చెమటా పట్టలేదు. నేలలో పరిచిన గొట్టాల్లో చల్లటి నీళ్లు తిరుగుతాయి. బయటి గాలిలోని తేమను విడిగా లాగేస్తారు. పైన పెద్ద ఫ్యాన్లు తీరిగ్గా తిరుగుతుంటాయి. తేమ తగ్గి, గాలి కాస్త కదిలితే రెండు మూడు డిగ్రీలు ఎక్కువున్నా ఒంటికి తెలియదు. ఈ చిన్న విషయం మా హోటల్ వాళ్లకి ఎవరైనా చెబితే బాగుండు.

నేను ఎక్కువసేపు చూసింది మాత్రం పైకప్పుని. నిలువుగా పేర్చిన చెక్కలు, ఒకటి వెడల్పు, పక్కది సన్నం, మళ్లీ వెడల్పు, మేకులతో బిగించి వరసలుగా. సన్నవి పాత చెక్కలు, సినిమా సెట్లు విప్పేశాక మిగిలినవి కూడా వాటిలో ఉన్నాయి. మెడ నొప్పెట్టేదాకా చూస్తే అక్కడక్కడా పాత మేకుల రంధ్రాలు కనబడ్డాయి. వాటిని పుట్టీతో పూడ్చేయలేదు. నాకైతే అదే అందం.

ఇక బాత్‌రూమ్. టాయిలెట్ తొట్టిలో నీళ్లుండవు. సన్నగా సబ్బు నురుగు జారుతూ ఉంటుంది, అంతే. కింద నేలమాళిగలో పెద్ద డబ్బాల్లో అంతా ఎరువుగా మారుతుంది. బావ లోపలికెళ్లి రెండు నిమిషాల్లో బయటికొచ్చి, “ఇది ఫ్లష్షా, షేవింగ్ క్రీమా?” అన్నాడు. వాసన లేదు. గాలిని ఎప్పుడూ కిందికే లాగుతారు కాబట్టి మామూలు బాత్‌రూమ్‌ల కంటే నయం. కప్పు మీద పడ్డ వాన కూడా ఆ నేలమాళిగలోనే, 50 వేల గ్యాలన్ల తొట్టిలోకి చేరుతుంది.

2021లో ఈ భవనానికి లివింగ్ బిల్డింగ్ అనే పర్యావరణ గుర్తింపు వచ్చింది. దాని షరతు నాకు నచ్చింది: డ్రాయింగులు చూసి సర్టిఫికెట్ ఇవ్వరు, జనం వాడుతుండగా వరసగా పన్నెండు నెలల లెక్క చూపించాలి. వీళ్లు వాడుకున్నదానికి రెండింతలు దాటి కరెంటు తీశారు. అయితే ఆ పన్నెండు నెలల్లో కోవిడ్ కాలం కూడా ఉంది, తరగతులు నిండుగా లేవు. కాబట్టి ఆ అంకెను కాస్త తగ్గించి చదువుకోవడం మంచిది.

మేం చూడాలనుకున్న రెండో భవనం ఒహాయో రాష్ట్రంలోని ఒబర్లిన్ కాలేజీలో ఉంది. అట్లాంటా నుంచి క్లీవ్‌లాండ్‌కి విమానం, తర్వాత అద్దె కారు. ఒబర్లిన్ కాలేజీ ఉన్నది చిన్న ఊరు, రైలు ఆగదు. పర్యావరణ భవనం చూడ్డానికి పెట్రోలు కాల్చుకుంటూ పోవడం ఏం బాగుంటుందని బావ దారంతా సాధించాడు. బస మాత్రం బంగారం: పాత చెక్క ఇల్లు, రాత్రి కిటికీ తీసి పడుకున్నాం, ఏసీ మీట వైపే వెళ్లలేదు. వైఫై అంతంతమాత్రం.

మేం చూడొచ్చిన పర్యావరణ భవనం, లూయిస్ సెంటర్, 2000 నాటిది. అట్లాంటా తళుకు దీనికి లేదు. వాడిన నీటిని మొక్కలూ సూక్ష్మజీవులూ ఉన్న తొట్టెల వరస గుండా పంపి శుద్ధి చేసి, మళ్లీ టాయిలెట్లకే వాడతారు. ఆ అద్దాల గదిలో ముక్కు మూసుకోవాలేమో అనుకున్నాను, తడి మట్టి వాసన తప్ప ఏం లేదు.

ఈ భవనం చుట్టూ ఓ పెద్ద గొడవ నడిచింది. అదే కాలేజీ ఫిజిక్స్ ప్రొఫెసర్ జాన్ స్కోఫీల్డ్ మీటరు లెక్కలు తీసి, చెప్పుకున్నంత పొదుపు లేదని బాహాటంగా రాశారు. మొదట పెట్టిన ఎలక్ట్రిక్ బాయిలర్ కరెంటు తెగ తాగేది. తర్వాత లోపాలు సరిదిద్దారు. కప్పు మీది 60 కిలోవాట్ల సోలార్ పలకలకు తోడు 2006లో పార్కింగ్ పైన మరో 100 కిలోవాట్ల పలకలు వేశారు. కరెంటు వాడకం ఎప్పటికప్పుడు తెర మీద అందరికీ కనబడేలా పెట్టడంలోనూ ఈ కాలేజీదే ముందడుగు. 2005లో హాస్టళ్ల మధ్య పోటీ పెడితే, వాడకం సగటున 32 శాతం తగ్గింది, గోడలో ఒక్క ఇటుకైనా మార్చకుండానే.

ఒక్కరోజే ఉంటే అట్లాంటాకే వెళ్లండి, చూడ్డానికి చాలా ఉంది. వారపు రోజుల్లో వెళ్లాలి, ఖాళీ భవనం చూస్తే ఏమీ తెలియదు. రేపు మీరే ఏదైనా కట్టించేట్టయితే మాత్రం కారు తీసుకుని ఒబర్లిన్‌కి పోవాల్సిందే. తిరుగు ప్రయాణంలో మళ్లీ అట్లాంటాలో ఒక రాత్రి. ఈసారి బుక్ చేసే ముందు ఫోన్ చేసి అడిగాను: “కిటికీ తెరుచుకుంటుందా?” అవతలి అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఇలా ఎవరూ అడగలేదు సార్, కనుక్కుని చెబుతాను” అంది.