పోస్ట్ రోజూ రావాలా, రోజు విడిచి రోజు చాలా?

బ్రిటన్‌లో సెకండ్ క్లాస్ ఉత్తరాలను రోజు విడిచి రోజే, అదీ శనివారం లేకుండా ఇచ్చే పద్ధతికి 2025 జూలై నుంచి అనుమతి ఉంది. ఫస్ట్ క్లాస్ మాత్రం వారానికి ఆరు రోజులూ వస్తుంది, కాకపోతే దాని స్టాంపు ధర సెకండ్ క్లాస్‌కు దాదాపు రెట్టింపు. తొందరున్నవాడు డబ్బు పెట్టుకుంటాడు, లేనివాడు ఆగుతాడు, లెక్క సూటిగానే ఉంది.

అదే పద్ధతి మన పల్లెల్లో పెడితే? ఖర్చు మిగులుతుంది, కాదనలేం. సబ్ పోస్టాఫీసు నుంచి సంచి తేవాలి, ముద్ర కొట్టాలి, వీధులు తిరగాలి. చేతిలో ముప్పై కవర్లున్నా మూడే ఉన్నా తిరుగుడు తిరుగుడే. పోస్టుకార్డు 50 పైసలకు అమ్ముతూ ఆ తిరుగుడు ఖర్చు రాబట్టడం ఎవరి తరమూ కాదు.

కానీ రోజూ తిరిగితే లాభం ఉత్తరాల్లో లేదండీ. ఊళ్లో బ్రాంచ్ పోస్టాఫీసు అంటే సేవింగ్స్ ఖాతా, సుకన్య సమృద్ధి, వేలిముద్ర వేయించుకుని ఇంటి దగ్గరే డబ్బు చేతికివ్వడం కూడా. ఏటీఎం కార్డు రెండు రోజులు ఆలస్యమైతే ఏమీ కాదు, ఇంటర్వ్యూ కాల్ లెటర్ ఆలస్యమైతే ఉద్యోగమే పోతుంది, ఇక ఆ ఇంట్లో టెన్షన్ మామూలుగా ఉండదు.

నా ఓటు: మామూలు కవర్లు, పత్రికలు రోజు విడిచి రోజు, స్పీడ్ పోస్టు, డబ్బు పని మాత్రం రోజూ. సిటీల్లో అయితే బ్యాంకు స్టేట్‌మెంట్లు వారానికోసారి వచ్చినా అడిగేవాళ్లుండరు.