ఓటర్స్ పోర్టల్: పేరు ఎక్కించుకోవడానికి బాగుంది, పంచాయతీ ఓటుకు అదొక్కటే చాలదు

సర్పంచ్ ఎన్నికలు దగ్గరపడ్డాయంటే అందరూ ఫోన్లో తెరిచేది భారత ఎన్నికల సంఘం వారి ఓటర్స్ పోర్టల్. కొత్తగా పేరు చేర్పించుకోవడానికి, చిరునామా మార్చుకోవడానికి, కార్డు డౌన్‌లోడ్ చేసుకోవడానికి ఇది నిజంగా మంచి సేవ. రూపాయి ఖర్చు లేదు, ఎవరి చుట్టూ తిరగక్కర్లేదు. కానీ పంచాయతీకో మున్సిపాలిటీకో ఓటేయాలనుకునేవాళ్లని ఇది సగం దారి వరకే తీసుకెళ్తుంది. మిగతా సగం ఎక్కడుందో చెప్పదు. పోలింగ్ రోజు 'ఫోన్లో ఉంది, లిస్టులో లేదు' అనే గొడవలకు మూలం ఇక్కడే.

అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలు నడిపేది భారత ఎన్నికల సంఘం. స్థానిక ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. పంచాయతీలకు రాజ్యాంగంలో 243-కె, మున్సిపాలిటీలకు 243-జడ్‌ఏ అధికరణాలు దానికి ఆధారం. అయితే తెలంగాణలో గానీ ఆంధ్రప్రదేశ్‌లో గానీ పంచాయతీకంటూ విడిగా ఓటరు నమోదు ఉండదు. అసెంబ్లీ జాబితానే తీసుకుని ఊరిని వార్డులవారీగా విడగొడతారు. కాబట్టి మెట్లు రెండు: ముందు అసెంబ్లీ జాబితాలో పేరుండాలి, ఆ పేరు వార్డు జాబితాలో సరైన చోట పడాలి. పోర్టల్ పని మొదటి మెట్టుతో అయిపోతుంది.

ఆ మొదటి మెట్టు వరకు చూస్తే పోర్టల్‌కు మంచి మార్కులే వేయాలి. మొబైల్ నంబరు, ఓటీపీతో లాగిన్ అయ్యాక మొదటిసారి ఓటరయ్యేవాళ్లు ఫారం 6 తెరవాలి. పాస్‌పోర్టు సైజు ఫొటో, పుట్టిన తేదీకి ఒక రుజువు, చిరునామాకు ఒక రుజువు ముందే ఫోన్లో ఉంచుకుంటే పావుగంట పని. పుట్టిన తేదీకి పదో తరగతి మెమో, జనన ధ్రువీకరణ, పాన్, ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, వీటిలో ఏదైనా చాలు. చిరునామాకు కరెంటు బిల్లు, గ్యాస్ బిల్లు, బ్యాంకు పాస్‌బుక్, రిజిస్టరైన అద్దె ఒప్పందం పనికొస్తాయి. ఫైలు 2 ఎంబీ దాటితే ఎక్కదు. ఫోన్ కెమెరాతో తీసిన ఫొటో చాలాసార్లు అంతకంటే పెద్దదే ఉంటుంది కాబట్టి ముందే తగ్గించుకోవాలి. ఇంట్లో ఇప్పటికే ఓటరైనవాళ్ల కార్డు నంబరు కూడా ఇస్తే మంచిది. కొత్త పేరు అదే పోలింగ్ కేంద్రం కింద, అదే ఇంటి నంబరు దగ్గర పడటానికి అది సాయపడుతుంది.

2022 నుంచి వయసు లెక్కకు ఏడాదికి నాలుగు తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1. పదిహేడు నిండినవాళ్లు ముందే దరఖాస్తు పెట్టుకుంటే, పద్దెనిమిది నిండాక వచ్చే తేదీ లెక్కన పేరు చేరుతుంది. ఈ మార్పు రాకముందు జనవరి 2న పుట్టిన పిల్లలు దాదాపు ఏడాది ఆగాల్సి వచ్చేది.

ఎక్కువమంది తప్పు చేసే చోటు తెలుగు పేరు. ఇంగ్లీషులో పేరు కొట్టగానే పక్క పెట్టెలో తెలుగు దానంతటదే పడుతుంది. చాలామంది దాన్ని చూడకుండానే కిందికి వెళ్లిపోతారు. ఇంగ్లీషు అక్షరాల్లో ల-ళ, న-ణ, త-ట, ద-డ తేడా ఉండదు. సరళ 'సరల' కావచ్చు, రమణ 'రమన' కావచ్చు. వార్డు జాబితా ఊళ్లో తెలుగులోనే అతికిస్తారు, పోలింగ్ కేంద్రంలో సిబ్బంది పేరు పిలిచేదీ తెలుగులోనే. ఆ పెట్టెలో వేలు పెట్టి ఒక్కో అక్షరం చూసి దిద్దండి. తండ్రి లేదా భర్త పేరు దగ్గర, ఇంటిపేరు దగ్గర కూడా అంతే. ఇంటి నంబరు 3-47/ఏ అని ఉంటే గీతలు, అక్షరాలతో సహా అలాగే రాయాలి. ఉత్త 347 అని రాస్తే వార్డులు విడగొట్టేటప్పుడు ఆ ఓటు ఏ వీధికి పోతుందో చెప్పలేం. పంచాయతీ ఓటుకు ఈ ఫారంలో అన్నిటికంటే ముఖ్యమైన గడి ఇంటి నంబరే.

నియోజకవర్గం ఎంచుకునే చోట తెలంగాణవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. 2016లో జిల్లాలు, మండలాలు విడిపోయాయి గానీ అసెంబ్లీ హద్దులు పాతవే. కొత్త మండలంలో రెండు నియోజకవర్గాల ఊళ్లు ఉండొచ్చు. మండలం పేరు చూసి ఊహించకుండా ఇంట్లో ఎవరిదైనా పాత ఓటరు కార్డు తీసి చూసుకోండి.

ఇక పెళ్లయి అత్తవారింటికి వచ్చిన ఆడపిల్లల సంగతి. పుట్టింటి దగ్గర ఓటు ఉండగానే ఇక్కడ కొత్తగా ఫారం 6 పెట్టేస్తారు. ఇది తప్పు. ఫారం 6 మొదటిసారి ఓటరయ్యేవాళ్లకు మాత్రమే. ఇప్పటికే ఓటుంటే ఫారం 8లో చిరునామా మార్పు ఎంచుకోవాలి. అప్పుడు పాత చోట పేరు పోతుంది, కొత్త చోట వస్తుంది, కార్డు నంబరు మారదు. రెండు చోట్ల పేరుండటం చట్ట విరుద్ధం. దరఖాస్తులో అబద్ధపు ప్రకటన చేస్తే ఏడాది వరకు జైలు పడొచ్చు. పేరులో తప్పు, ఫొటో మార్పు, పోయిన కార్డు బదులు కొత్తది, వైకల్యం నమోదు అన్నీ ఫారం 8 కిందికే వస్తాయి. ఒకప్పుడు వీటికి వేర్వేరు ఫారాలుండేవి. అన్నీ ఒకచోటికి తేవడం పోర్టల్ చేసిన మంచి పని.

హైదరాబాద్‌లో ఉంటూ ఊళ్లో ఓటు ఉంచుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ ప్రకారం ఒకచోట ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి అయిపోరు. మామూలుగా ఎక్కడ ఉంటున్నారన్నదే లెక్క. ఊళ్లో ఇల్లుందని, పట్టా ఉందని ఓటు నిలవదు. జాబితా నుంచి పేరు తీసేయమని కోరే ఫారం 7తో ఎవరైనా అభ్యంతరం పెడితే విచారణకు జవాబు చెప్పుకోవాలి. సర్పంచ్ ఎన్నికల్లో ఇలాంటి అభ్యంతరాలు గట్టిగానే పడతాయి.

2025 సెప్టెంబరు నుంచి ఆన్‌లైన్ దరఖాస్తుకు ఆధార్ ఈ-సైన్, అంటే ఆధార్‌కు లింకైన మొబైల్‌కు వచ్చే ఓటీపీతో చేసే డిజిటల్ సంతకం, పెట్టారు. ఇంకొకరి పేరు మీద దొంగ దరఖాస్తులు పడకుండా ఇది కావాల్సిందే. కానీ ఆధార్‌కు మొబైల్ నంబరు లింకు లేనివాళ్లు, ఆధార్‌లో పేరు ఒకలా ఓటరు కార్డులో ఒకలా ఉన్నవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. ఊళ్లలో పెద్దవాళ్లకు ఈ ఇబ్బంది ఎక్కువ. వాళ్లు పోర్టల్‌తో కుస్తీ పట్టకుండా కాగితం ఫారం నింపి బీఎల్‌వోకు ఇచ్చేయడం మేలు. బీఎల్‌వో అంటే ఆ పోలింగ్ కేంద్రానికి పెట్టిన బూత్ స్థాయి అధికారి. చాలా ఊళ్లలో అంగన్‌వాడీ టీచరో, బడి టీచరో ఆ పని చూస్తుంటారు. ఎవరో తెలియకపోతే 1950 నంబరుకు ఫోన్ చేసి అడగొచ్చు.

ఫారం పంపగానే రిఫరెన్సు నంబరు వస్తుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తర్వాత బీఎల్‌వో విచారణ, అభ్యంతరాలకు కనీసం ఏడు రోజుల గడువు, ఆ పైన ఓటరు నమోదు అధికారి నిర్ణయం. తిరస్కరిస్తే 15 రోజుల్లో కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు, అక్కడా కుదరకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారికి. ఈ అప్పీలు దారి కూడా ఫారం పక్కనే పెద్ద అక్షరాల్లో పెడితే ఎంతోమందికి మేలు జరిగేది.

ఇప్పుడు పోర్టల్ చెప్పని రెండో మెట్టు. పోర్టల్‌లో వెతికితే కనిపించే పార్ట్ నంబరు, సీరియల్ నంబరు అసెంబ్లీ జాబితావి. పంచాయతీ వార్డు నంబరు వేరు, అందులో మీ సీరియల్ వేరు, కొన్నిసార్లు పోలింగ్ కేంద్రం కూడా వేరు. వార్డులవారీ ముసాయిదాను గ్రామపంచాయతీ కార్యాలయంలో, ఎంపీడీవో కార్యాలయంలో ప్రదర్శిస్తారు. పట్టణాల్లో అయితే మున్సిపల్ కార్యాలయంలో చూడాలి. దీనికిచ్చే గడువు చాలా తక్కువ. తెలంగాణలో 2025 పంచాయతీ జాబితా ముసాయిదా ఆగస్టు 28న వచ్చింది, అభ్యంతరాలు 30 వరకే తీసుకున్నారు, సెప్టెంబరు 2న తుది జాబితా వచ్చేసింది. మూడే రోజులు. ఆ మూడు రోజుల్లో నోటీసు బోర్డు దగ్గరికి వెళ్లి చూసినవాళ్లే తప్పు దిద్దించుకోగలిగేది.

అక్కడ చూడాల్సినవి రెండు. ఇంట్లో అందరి పేర్లూ ఒకే వార్డులో ఉన్నాయా? మన వీధి మొత్తం మన వార్డులోనే ఉందా? భార్యాభర్తలు వేర్వేరు వార్డుల్లో పడటం, చివరి రెండిళ్లు పక్క వార్డులోకి పోవడం మామూలుగా జరిగేవే. ఇవి అక్కడే రాతపూర్వకంగా అభ్యంతరం పెడితే దిద్దుతారు. అసెంబ్లీ జాబితాలోనే పేరు లేకపోతే మాత్రం పంచాయతీ కార్యదర్శి ఏమీ చేయలేరు. మళ్లీ ఫారం 6 దగ్గరికే రావాలి. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక కొత్త చేర్పు మీద ఆశ పెట్టుకోకూడదు. అందుకే ఈ పోర్టల్ వాడాల్సిన సమయం ఎన్నికల కబురు వినబడినప్పుడు కాదు, దానికి నాలుగైదు నెలల ముందు.

కార్డు విషయంలో పోర్టల్ మళ్లీ మెప్పిస్తుంది. 2021 జనవరి 25 నుంచి ఈ-ఎపిక్, అంటే ఓటరు కార్డు డిజిటల్ ప్రతి, పీడీఎఫ్‌గా దొరుకుతోంది. ఓటరు జాబితాలో మన మొబైల్ నంబరు నమోదై ఉంటే చాలు. ఇంటిల్లిపాదికీ ఒకే నంబరు ఇచ్చినచోట ఓటీపీ దగ్గర చిక్కు వస్తుంది కాబట్టి ఎవరి నంబరు వాళ్లకివ్వండి. కార్డు లేకపోయినా ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఫొటో ఉన్న పాస్‌బుక్, ఉపాధి హామీ జాబ్‌కార్డు లాంటివి చెల్లుతాయి. ఓటరు స్లిప్పు మాత్రం గుర్తింపు పత్రం కాదు, పేరు త్వరగా వెతకడానికి మాత్రమే. జాబితాలో పేరు లేకుండా చేతిలో కార్డు ఒక్కటే ఉంటే ఓటు వేయనివ్వరు.

పోలింగ్ వేళ కూడా అసెంబ్లీ ఎన్నికల్లా సాయంత్రం దాకా ఉంటుందనుకోవద్దు. తెలంగాణలో 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 వరకే పోలింగ్, 2 నుంచి లెక్కింపు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఉదయం 6.30 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు. బస్సు దిగి భోంచేసి వెళ్దామనుకుంటే అయిపోతుంది. గడువు ముగిసేసరికి వరుసలో ఉన్నవాళ్లకు మాత్రం ఓటు ఉంటుంది.

తెలంగాణ పంచాయతీల్లో సర్పంచ్‌కు గులాబీ రంగు బ్యాలెట్, వార్డు సభ్యుడికి తెల్లది. వార్డు ఏకగ్రీవమైతే ఒకటే ఇస్తారు, రెండోది మరిచిపోయారని సిబ్బందితో వాదన అక్కర్లేదు. స్వస్తిక్ ముద్ర ఒక గుర్తు మీదే పడాలి. వేలిముద్ర వేసినా, పెన్నుతో టిక్ పెట్టినా, ఇద్దరి గడుల్లో వేసినా చెల్లదు. మడత ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా పెట్టాలి. అడ్డంగా మొదలుపెడితే తడి సిరా పైనున్న ఇంకో గుర్తుకు అంటుతుంది. అలా అంటినా అసలు ముద్ర స్పష్టంగా ఉంటే ఓటు చెల్లాలి, కానీ లెక్కింపు బల్ల దగ్గర గొడవకు తావెందుకివ్వాలి?

మీరు వెళ్లేసరికి మీ పేరు మీద ఎవరో ఓటేసి ఉంటే వెనక్కి రావద్దు. గుర్తింపు పత్రం చూపించి, ప్రిసైడింగ్ అధికారిని టెండర్ ఓటు అడగండి. మీ పేరు మీద ఇంకొకరు ఓటేసినప్పుడు అసలు ఓటరుకు విడిగా ఇచ్చే బ్యాలెట్ అది.